రంగుకో పేరు... యంత్రానికో పాఠం!

కొయ్యూరు మన్యం దిగి మైదానానికి వస్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో చేసే అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఏ రంగు ఎంత కలపాలో కొత్తవాడికి తెలియకపోతే పక్కనున్న పెద్దాయన్ని అడుగుతాడు. మరి కృత్రిమ మేధ ఎవర్ని అడగాలి?

యాప్‌లు తయారుచేసేవారికి ఇప్పుడిదే ప్రశ్న. బటన్ల రంగు, అక్షరాల సైజు, మధ్య ఖాళీ... అన్నిటికీ పేర్లుపెట్టి ఒకేచోట రాసుకుంటారు. అవే 'డిజైన్ టోకెన్లు'. 'హెచ్చరిక రంగు'ను అక్కడ మారిస్తే చాలు, యాప్ అంతటా మారిపోతుంది! ఈ జాబితాను రాసే ఉమ్మడి పద్ధతికి డబ్ల్యూ3సి వేదికగా పనిచేసే బృందం 2025 అక్టోబరులో తొలి స్థిర రూపమిచ్చింది.

ఆ టోకెన్లను తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో ఇన్నాళ్లూ మనుషుల కోసమే రాసేవారు. ఇప్పుడు కోడ్ రాసే ఏఐ ఏజెంట్లూ దాన్ని చదువుతున్నాయి. అర్థంకాకపోతే మనిషి అడుగుతాడు. ఏజెంటేమో ఒక్కోసారి లేని పేరునీ ఊహించి రాసేస్తుంది. అందుకే ఏ ఆదేశానికి ఏ ఫైలు వస్తుందో, ఏ పేరు ఎక్కడ వాడకూడదో, తప్పొస్తే ఏం చేయాలో ఉదాహరణలతో సహా చెప్పాలి. 'ఎరుపు' అంటే సరిపోదు, 'వెనక్కి తీసుకోలేని పనులకు మాత్రమే' అని రాయాలి. బ్యాంకు యాప్‌లో 'చెల్లించు', 'రద్దు' బటన్లు ఒకేలా కనిపిస్తే నష్టపోయేది మనమే కదా!

అన్నట్టు, యంత్రం కోసం ఇంత విడమరిచి రాసిన పాఠం కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకీ పనికొస్తుంది.