మా మామగారి మాట – మా ఇంటి నెట్టు

మా ఇంట్లో నెట్టు మందగించిందన్న సంగతి చాలాకాలం మాకెవరికీ తెలియలేదు. నేరమంతా మా మామగారి పళ్ళసెట్టు మీద పడింది. నవ్వకండి. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

మామగారు ముప్ఫయ్యేళ్ళపాటు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. విజయవాడలో మా దగ్గరే వుంటారు. మా మరిది డల్లాస్‌లో వుంటాడు. అతని కొడుక్కి ఎనిమిదేళ్ళు. ప్రతి ఆదివారం ఉదయం 8 గంటలకు – వేసవిలో అక్కడది శనివారం రాత్రి 9.30 – ఆ పిల్లాడు ఫోనులో కనిపిస్తాడు. తాతగారు ఒక శతక పద్యం చెబుతారు. మనవడు అప్పజెబుతాడు. వారానికొక పద్యం. పండగొచ్చినా, జ్వరమొచ్చినా ఈ నియమం తప్పేది కాదు.

అటువంటిది, మామగారు పళ్ళు కట్టించుకున్న నెల నుంచీ వ్యవహారం తిరగబడింది. ఆయన ఒక పాదం చెప్పగానే, "ఆఁ? ఏంటి తాతయ్యా? మళ్ళీ చెప్పు" అంటాడు వాడు. ఈయన మళ్ళీ చెబుతారు. వాడు మళ్ళీ "ఆఁ?" అంటాడు. ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు, ఒకేసారి ఆగుతారు. మామగారు పళ్ళసెట్టు తీసేసి చెప్పి చూశారు. అప్పుడు మాకే అర్థం కాలేదు! డాక్టరు చేత రెండుసార్లు అరగదీయించుకుని వచ్చారు. గుణం లేదు.

ఒకనాడు నన్ను పిలిచి, "నా నాలుక మొద్దుబారిందమ్మా. పసివాడికి తప్పుడు ఉచ్చారణ అలవాటు చేసేకన్నా మానుకోవడమే నయం" అన్నారు. ఆ మరుసటి ఆదివారం సరిగ్గా 8 గంటలకు గుడికి వెళ్ళిపోయారు. అక్కడ ఆ పిల్లాడు నిద్రాపుకుని కూర్చుని, "తాతయ్యకి నా మీద కోపమా పెద్దమ్మా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మా వారి వాదన వేరు. "వాడు మనకి అద్దంలో బొమ్మలాగా కనిపిస్తున్నాడు. గొంతు గంటలాగా వినిపిస్తోంది. రాత్రి సినిమా ఎక్కడా ఆగకుండా ఆడింది. కనక మన నెట్టు దివ్యంగా వుంది. లోపమేదో డల్లాస్‌లో వుంది" అని తేల్చారు. మరిదేమో, "వదినా, అందరితోనూ బాగానే వుంది. మీ దగ్గర్నుంచి వచ్చే మాటే ముక్కలవుతోంది" అంటాడు. ఎందుకైనా మంచిదని మా వారు 50 ఎంబీపీఎస్ ప్లాను తీసేసి 100 ప్లాను పెట్టించారు. బిల్లు పెరిగింది గాని పద్యం ముందుకు కదల్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, "ఒకసారి రౌటరు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి మేడమ్" అన్నారు. ఆ మంత్రం ఒక్కోసారి పారుతుంది కూడానూ; రౌటరు కూడా చిన్న కంప్యూటరే కదా! మా విషయంలో పారలేదు.

చివరికి పక్కింటి ఇంజనీరింగు కుర్రాణ్ణి పిలిచాను. వాడు రౌటరు ఎక్కడుందని అడిగాడు. టీవీ వెనకాల, స్టీలు బీరువాని ఆనుకుని వుంది. పైగా దుమ్ము పడకుండా నేనే కుట్టిన పూలగుడ్డ ఒకటి! వాడు గుడ్డని క్షమించాడు గాని బీరువాని క్షమించలేదు. వైఫై అంటే రేడియో తరంగాలేనట. ఇనుమంటే వాటికి గోడకన్నా పెద్ద అడ్డం. రౌటరుని తీసి హాల్లో ఎత్తుగా, బయటికి పెట్టాం. 2.4 గిగాహెర్ట్జ్ అనేది దూరం పోతుంది గాని, ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే గోలపెడతాయనీ, 5 గిగాహెర్ట్జ్ చురుకైనదే గాని గోడ దాటడానికి మొరాయిస్తుందనీ చెప్పాడు. దాంతో పెరటి గదిలో కూడా ఫోను బాగా పనిచెయ్యసాగింది. ఆదివారం కాల్ మాత్రం షరా మామూలే.

"ఆంటీ, వైఫై సంగతి వదిలెయ్యండి. లాప్‌టాప్‌కి వైరు తగిలించి, గొడవ జరిగే వేళకే స్పీడ్ టెస్టు చెయ్యండి" అన్నాడు. వైరు పెట్టినా జబ్బు వుంటే తప్పు వైఫైది కాదన్నమాట. ఈ ముక్క ముందే తెలిస్తే నాలుగు నెలల అదనపు బిల్లు మిగిలేది!

బుధవారం రాత్రి చూశాను. మనకి వచ్చే వేగం 96, మన దగ్గర్నుంచి వెళ్ళే వేగం 10, పింగు 8 మిల్లీసెకన్లు. పింగంటే మనం పంపిన చిన్న కబురు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే కాలం. ఆదివారం 8 గంటలకు మళ్ళీ చూశాను. వచ్చే వేగం కాస్త తగ్గింది గాని సినిమాకి చాలినంత వుంది. వెళ్ళే వేగం 1 కూడా లేదు. పింగు 800!

అప్పుడు తీశాను పాత బిల్లులు. 50 ప్లానులోనూ వెళ్ళే వేగం 10. డబ్బెక్కువ పోసి కొన్న 100 ప్లానులోనూ అదే 10. ఆ సంగతి ఏ ప్రకటనలోనూ పెద్దక్షరాల్లో వుండదు. వచ్చే దారి రాజబాట, వెళ్ళేది సందు. మనవడు రాజబాటలో వస్తున్నాడు గనక మాకు చక్కగా కనిపిస్తున్నాడు. తాతగారి మాట సందులోంచి పోవాలి. సందులో ఎవరో బండి అడ్డం పెట్టారు.

ఎవరా అని ఇంట్లో ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాను. టీవీ ఆపాను, 800. మా వారి ఫోను, నా ఫోను ఆపాను, 800. దేవుడి గది పక్కన ఛార్జింగులో వున్న మా అమ్మాయి ఫోను ఆపేసరికి 8!

అమ్మాయి గుంటూరు హాస్టల్లో వుంటుంది. శనివారం పొద్దుపోయి వస్తుంది, ఆదివారం పొద్దున లేచి ఫోను ఛార్జింగుకి పెడుతుంది. వైఫై దొరకగానే ఆ ఫోను వారం రోజుల ఫోటోలూ వీడియోలూ దాచుకోవడానికి పైకి పంపడం మొదలెడుతుంది. అమ్మాయి కాలేజీలో చేరిందీ, మామగారు పళ్ళు కట్టించుకున్నదీ ఒకే నెల. ఫోను చేసిన నేరానికి పళ్ళసెట్టు శిక్ష అనుభవించింది.

ఇందులో తమాషా ఏమిటంటే, రౌటరు ఎవర్నీ పొమ్మనదు. ఎంతమంది వస్తే అంతమందినీ క్యూలో నిలబెడుతుంది. వెయ్యి ఫోటోల మూటల వెనక తాతగారి ఒక్క పద్యపాదం కూడా నిలబడాలి. 2010లో అమెరికాలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే ఇటువంటి గొడవ పట్టుకుని దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడట. సినిమా అయితే ముందే కొంత తెచ్చి నిలవ చేసుకుంటుంది గనక ఆలస్యం బయటపడదు. మాటకి నిలవ లేదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. డల్లాస్ మనకి దాదాపు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే తిన్నగా తీగ లాగినా 70 మిల్లీసెకన్లు దారిఖర్చు. సముద్రాల కింద చుట్టు తిరిగి పోయే తీగకి ఇంకా ఎక్కువే. మిగిలిన ఆ కాస్త వ్యవధినీ మా సందే మింగేసింది.

కొన్ని రౌటర్లలో మాటకి ముందు దారి ఇచ్చే ఏర్పాటు వుంటుంది. మా దాంట్లో లేదు. అందుకని అమ్మాయి ఫోనులో ఆ దాచుకునే పని రాత్రి పూటకి మార్పించాను. 100 ప్లాను మళ్ళీ 50 అయింది. మా వారు ఈ విషయంమీద ఏమీ మాట్లాడలేదు.

మామగారికి అంకెలు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "అయితే నా నాలుక బాగానే వుందంటావా?" అన్నారు. ఆదివారం గుడికి ఏడింటికే వెళ్ళి వచ్చేశారు.

ఆయన పద్యం చెప్పారు. అటు "ఆఁ?" అనలేదు. పిల్లాడు నాలుగు పాదాలూ ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాడు. ఆపైన, "ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా విన్నవి కూడా అతుక్కున్నాను" అని ఇంకో రెండు పద్యాలు చెప్పాడు. మామగారు నోరు తెరవలేదు. కాసేపు చూసి వాడే అడిగాడు, "తాతయ్యా! మళ్ళీ కట్ అయిందా?"

"లేదురా, వినిపిస్తోంది. ఆ రెండోదాంట్లో మూడో పాదం మళ్ళీ చెప్పు" అన్నారు మామగారు.