నాలుగు పిన్నులు, వాటి వెనక అయిదు

తొంభైల నాటి కంప్యూటర్ వెనక ఒక్కో పరికరానికి ఒక్కో సాకెట్ ఉండేది. కీబోర్డుకు గుండ్రటిది, ప్రింటరుకు వెడల్పాటిది, మోడెమ్‌కు ఇంకొకటి. ఈ తలనొప్పి వదిలించడానికి ఇంటెల్, కాంపాక్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సహా ఏడు కంపెనీలు చేతులు కలిపాయి. ఇంటెల్ తరఫున ఆ పని ముందుండి నడిపిన అజయ్ భట్ బరోడాలో ఇంజనీరింగ్ చదివినవాడు. 1996 జనవరిలో యూఎస్‌బీ పుట్టింది. గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు. మౌస్‌కు అది ఎక్కువే.

2000లో వచ్చిన 2.0 ఆ వేగాన్ని 480కి పెంచింది. తీగలు మాత్రం ఆ నాలుగే: రెండు కరెంటుకు, రెండు డేటాకు. 2008లో 3.0 ఏకంగా 5 గిగాబిట్లు అనేసరికి పాత తీగలు చాల్లేదు. 3.0 పెన్‌డ్రైవ్ మూతిలోకి వెలుతురులో చూడండి. ముందు నాలుగు రేకులు, వాటి వెనక లోతుగా అయిదు చిన్న పిన్నులు కనిపిస్తాయి. కొత్త వేగమంతా ఆ అయిదింటిదే.

లాప్‌టాప్ పోర్టు నెమ్మదించడానికి తరచూ కారణం ఇక్కడే ఉంటుంది. దుమ్ము పట్టో, సాకెట్ వదులయ్యో, కేబుల్ నాసిరకమయ్యో ఆ అయిదు సరిగ్గా ఆనకపోతే పరికరం ఆగిపోదు, పాత నాలుగింటి మీదే పనిచేస్తుంది. ఆ దారిలో సెకనుకు 40 మెగాబైట్లు దాటడం కష్టం. పాతవాటిని వదలకపోవడమే యూఎస్‌బీని గెలిపించింది, నిజమే. కానీ వేగం పడిపోయిన సంగతి వాడేవాడికి తెలియకపోవడం పెద్ద లోపమనే నా అభిప్రాయం.

2014 నాటి టైప్-సీతో తికమక ఇంకా పెరిగింది. సాకెట్‌లో 24 పిన్నులున్నా, ఫోన్‌తో వచ్చే చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి 2.0 తీగలే ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకటే.

తప్పంతా పోర్టుది కాకపోవచ్చు కూడా. చవక పెన్‌డ్రైవ్‌లో రాత వేగమే తక్కువ. వేల చిన్న ఫొటోలు ఒక్కొక్కటిగా ఎక్కించేటప్పుడు మంచి డ్రైవ్ కూడా మందగిస్తుంది. హబ్‌కు నాలుగు పరికరాలు తగిలిస్తే ఉన్న వేగాన్నే అవి పంచుకుంటాయి.

అందుకే రిపేరు షాపుకు వెళ్లేముందు హబ్ తీసేసి, డ్రైవ్‌ను నేరుగా 3.0ని సూచించే నీలం పోర్టులోనో, ఎస్ఎస్ గుర్తున్న పోర్టులోనో పూర్తిగా లోపలికి నొక్కి పెట్టండి. అప్పటికీ మారకపోతే కేబుల్ మార్చండి. మదర్‌బోర్డు మీద అనుమానం ఆ తర్వాతే.