ఎండ కరెంటు, చల్లని ఇల్లు

మోత్కూర్ ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పాల్నా? మే నెల వచ్చిందంటే పొద్దున పది గంటలకే బజారు ఖాళీ అవుతుంది. రాళ్ళ నేల. చెట్లు తక్కువ. స్లాబు ఇండ్లలో ఉండేవాళ్ళకు మరీ కష్టం. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రంతా వేడిని కక్కుతుంది. ఒకప్పుడు వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు చాలా ఇండ్లకు వాకిలే లేదు. ఉన్నచోట దోమలు.

ఇట్లాంటి ఇంట్లో ఒక పెద్దమ్మ ఉంది. పోయిన ఎండకాలం పెద్దనాయినకు వడదెబ్బ తగిలింది. మూడు రోజులు దవాఖానాలో ఉన్నాడు. ఈసారి ఎట్లయినా ఒక ఏసీ పెట్టించాలని ఆమె పట్టు పట్టింది. అంతలో ఒక మనిషి వచ్చాడు. చేతిలో రంగుల కాగితం. "సోలార్ పెట్టించుకోండి. ఏసీ ఎంత నడిపినా బిల్లు రాదు. కరెంటు పోయినా ఆగదు" అన్నాడు. సంతకం పెట్టమన్నాడు.

పెద్దమ్మ పెద్ద వయసులో చదువు నేర్చుకుంది. వెంటనే సంతకం పెట్టలేదు. "కాయితం ఇడిసిపో. చదివి చెప్త" అన్నది. మరునాడు ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. అతడు కరెంటు పని నేర్చినవాడు.

"ఏందిరా కొడుకా, ఎండతోని చల్లగ చేసుడు ఏంది? నాకైతే నవ్వొస్తుంది" అన్నది పెద్దమ్మ.

"నవ్వకు పెద్దమ్మా. అది అబద్ధం కాదు. కానీ ఆ మనిషి చెప్పినదాంట్ల ఒక అబద్ధం ఉన్నది. మెల్లగ చెప్త విను" అన్నాడు అతడు.

వేడిని తోడే మోటరు

ముందుగా ఏసీ ఏం చేస్తుందో చూద్దాం. చాలామంది ఏసీ చల్లదనాన్ని పుట్టిస్తుందని అనుకుంటారు. అది సరి కాదు.

మీ బోరు మోటరును తలచుకోండి. మోటరు నీళ్ళను పుట్టిస్తుందా? లేదు. భూమిలో ఉన్న నీళ్ళను తోడి పైన పోస్తుంది. ఏసీ కూడా అంతే. గదిలో ఉన్న వేడిని తోడి బయట పోస్తుంది. గదిలో వేడి తగ్గితే మనకు చల్లగా ఉంటుంది. అందుకే ఏసీ బయటి డబ్బా దగ్గర నిలబడితే వడగాలి కొడుతుంది. అది మన గదిలోని వేడే.

ఎట్లా తోడుతుంది? మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. కుండకు చెమట పడుతుంది. ఆ తడి ఆరేటప్పుడు కుండలోని వేడిని తీసుకుపోతుంది. ఏసీ గొట్టాలలో ఒక మందు ఉంటుంది. దానిని అందరూ గ్యాసు అంటారు. లోపలి డబ్బాలో అది ఆవిరి అవుతూ గది వేడిని పీలుస్తుంది. తరువాత గొట్టం గుండా బయటి డబ్బాకు పోతుంది. అక్కడ కంప్రెసర్ దానిని గట్టిగా నొక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం చూశారు కదా! నొక్కితే గ్యాసు కూడా అట్లే వేడెక్కుతుంది. ఆ వేడిని ఫ్యాను బయటికి ఊదేస్తుంది. గ్యాసు మళ్ళీ నీరులా మారి లోపలికి వస్తుంది. ఇట్లా తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో ఒక లాభం ఉంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చు చేస్తే మంచి ఏసీ సుమారు మూడు యూనిట్లంత వేడిని బయట పోస్తుంది. చలి దేశాలలో ఈ మిషనునే తిప్పి నడుపుతారు. బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని తోడి ఇంట్లో పోస్తారు. దానిని హీట్ పంపు అంటారు. అంటే వేడి పంపు. అమెరికా పోయిన మనవాళ్ళలో కొందరి ఇండ్లలో ఎండకాలం చల్లదనానికీ, చలికాలం వెచ్చదనానికీ ఒక్కటే మిషను. మనకు సగం పనే అవసరం.

మీకు తెలుసా? 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఏసీని తయారు చేశాడు. మనుషుల కోసం కాదు, కాగితం కోసం! ఒక అచ్చు ఆఫీసులో గాలి తేమకు కాగితాలు ఉబ్బి, రంగులు పక్కకు పడేవి. ఆ తేమను తగ్గించడానికి చేశాడు. టన్ను ఏసీ అంటే టన్ను బరువు అని కూడా కాదు. ఒక రోజులో సుమారు 900 కిలోల మంచుగడ్డను కరిగించేంత వేడిని తోడగలదని అర్థం.

ఖర్చు లెక్క

"ఇదంత మంచిగనే ఉన్నది. బిల్లు సంగతి చెప్పు" అన్నది పెద్దమ్మ.

అసలు చిక్కు అక్కడే ఉంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం అమలులోకి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులైన ఇంటివాళ్ళు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తుంది. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, అన్నిటికీ.

పెద్దమ్మ ఇంట్లో నెలకు 120 యూనిట్లు కాలుతుంది. బిల్లు జీరో. టన్ను ఏసీ గంటకు ఇంచుమించు ముప్పావు యూనిట్ తింటుంది. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే 6 యూనిట్లు. నెలకు 180. పాత 120 కలిపితే 300 యూనిట్లు.

2022లో వచ్చిన ధరల లెక్కన 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు. అంటే 1,020 రూపాయలు. పైన 100 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున 770 రూపాయలు. మొత్తం 1,790 రూపాయలు. ఇంకా ఇతర చార్జీలు ఉంటాయి. జీరో నుంచి ఒక్కసారిగా ఇంత!

"అమ్మో! గందుకేనా పక్కింటోళ్ళు ఏసీ పెట్టి బందు చేసిన్రు" అన్నది పెద్దమ్మ.

మీద పలకలు, కింద ఏసీ

సోలార్ పలకల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు డీసీ రకం. ఇంట్లో నడిచేది ఏసీ రకం. (ఏసీ కరెంటు వేరు, ఏసీ మిషను వేరు. పేరు ఒకటే అయ్యి తికమక పెడుతుంది.) ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చే పెట్టెను ఇన్వర్టర్ అంటారు.

ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వానకాలం తక్కువ. మూడు కిలోవాట్లయితే నెలకు సుమారు 360 యూనిట్లు. దానికి నీడ పడని డాబా 300 చదరపు అడుగులు కావాలి. పక్కనే వేపచెట్టు నీడ పడితే లాభం లేదు. చెట్టును మాత్రం కొట్టకండి. పలకల చోటు మార్చండి.

"ఎండ పగలు. ఏసీ రాత్రి. ఎట్ల కుదురుతది?" అని అడిగింది పెద్దమ్మ. చాలా మంచి ప్రశ్న.

దానికి నెట్ మీటరు ఉంది. పగలు మనం వాడగా మిగిలిన కరెంటు తీగల గుండా బయటికి పోతుంది. మీటరు దానిని మన పేరున రాసుకుంటుంది. రాత్రి మనం బయటి నుంచి తీసుకుంటాం. మీటరు దానినీ రాసుకుంటుంది. రెండింటికీ తేడా చూసి బిల్లు వేస్తారు. పాలకేంద్రంలో పొద్దున పాలు పోసి, ఖాతా రాయించుకున్నట్టు.

ఇక ఆ మనిషి చెప్పిన అబద్ధం. "కరెంటు పోయినా ఆగదు" అన్నాడు కదా? బ్యాటరీ లేని సోలార్, లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండ మండుతున్నా ఆగుతుంది. అది లోపం కాదు. కావాలనే అట్లా చేశారు. ఎందుకు? లైను బందు చేసి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు మన డాబా మీది కరెంటు తీగలోకి పోతే అతని ప్రాణం పోతుంది. బ్యాటరీ పెడితే కొంతసేపు ఇంట్లో నడుస్తుంది. కానీ ఖర్చు చాలా పెరుగుతుంది. ఏసీని రాత్రంతా లాగే బ్యాటరీ అంటే మామూలు ఇంటికి అందని మాట.

డబ్బు ఎక్కడిది?

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున 60,000 రూపాయలు. మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. మూడు కిలోవాట్లకు లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా ఖర్చవుతుంది. మిగతాది మనమే పెట్టాలి. తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు కూడా ఇస్తారు. అప్పు అప్పే, వడ్డీ వడ్డీయే.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కొండారెడ్డిపల్లి ఉంది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు. అక్కడ 2025లో దాదాపు ఊరంతా ఇండ్ల మీద మూడేసి కిలోవాట్ల పలకలు పెట్టారు. అక్కడ సబ్సిడీకి తోడు కంపెనీ సాయం కూడా అందింది. ఆ ఊరిని చూపించి "మీకూ ఫ్రీ" అని ఎవరైనా అంటే నమ్మకండి.

సబ్సిడీ ముందు రాదు. ముందు పేరు నమోదు చేసుకోవాలి. నమోదైన కంపెనీతోనే పని చేయించాలి. మన దేశంలో తయారైన పలకలే పెట్టాలి. నెట్ మీటరు బిగించి, తనిఖీ అయ్యాక డబ్బు మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. జీరో బిల్లు వస్తున్నవాళ్ళు ముందే కరెంటు ఆఫీసుకు పోయి మాట్లాడుకోవాలి. ఏసీ కోసం మంజూరు లోడు పెంచడం గురించీ అక్కడే అడగాలి.

నా మాట అడిగితే, ఏసీ లేని జీరో బిల్లు ఇంటికి సోలార్ తొందర లేదు. అప్పు చేసి పెట్టేంత లాభం అందులో లేదు. ఏసీ తప్పదనుకున్న ఇంటికే ఈ లెక్క.

ఏసీ కంటే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. డాబాకు తెల్ల సున్నం. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. గదిలో కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పలకల నీడ కూడా స్లాబును కాపాడుతుంది. పలకల కింద గాలి ఆడే సందు వదలాలి. పలకలు వేడెక్కితే కరెంటు తగ్గుతుంది మరి! పొడి ఎండకు కూలర్ కూడా బాగానే పని చేస్తుంది. రాత్రికి రెండు యూనిట్లే. వానలు మొదలై ఉక్కపోస్తే మాత్రం కూలర్ చేతులెత్తేస్తుంది.

"నాయినకు రాత్రి నిద్ర పట్టాలె. ఏసీ పెడుదాం" అన్నది పెద్దమ్మ.

"పెడుదాం. చిన్న గదిల పెడుదాం. తలుపులు సందు లేకుంట చేద్దాం. 26 మీద పెట్టి ఫ్యాను వేసుకుంటే చాలు. వేరే వైరు గుంజుత. ఎర్తింగ్ కొత్తగ కొడుత" అన్నాడు కొడుకు.

ఎర్తింగ్ మాట తేలికగా తీసుకోకండి. మన రాతి నేల ఎండకాలం పూర్తిగా ఎండిపోతుంది. ఎండిన నేలలో ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయాలి. కూలర్, మోటరు ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయేవాళ్ళు ఉన్నారు.

పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. పది పదిహేను రోజులకు ఒకసారి తుడవాలి. మధ్యాహ్నం నీళ్ళు పోయకండి. కాలిన అద్దం పగలవచ్చు. తెల్లవారుజామున తుడవండి. మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఆరితే తెల్ల మరకలు పడతాయి. వెంటనే మెత్తటి బట్టతో తుడిచేయాలి.

పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని రంగుల కాగితం మళ్ళీ చదివింది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. బ్యాటరీ అన్న మాట ఎక్కడా లేదు. ఎన్నేండ్ల గ్యారంటీయో లేదు. పాడైతే ఎవరు వస్తారో లేదు.

"ఇంకొకటి మర్చిపోయినవు కొడుకా" అన్నది. "కోతులు! మా డాబా మీద రోజు పొద్దుగాల ఇరవై కోతులు దుంకుతయి. పలకలు పగిలితే ఎవరిస్తరు?"

అతడు నవ్వాడు. ఆ సంగతి అతనికీ తట్టలేదు. పెద్దమ్మ పెన్సిల్ తీసుకుంది. కాగితం వెనుక పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు రాసింది. బ్యాటరీ. గ్యారంటీ. రిపేరు. కోతులు.