పొయ్యిమీది చీజు మాకరోనీ: పాడి గల యింట చేసికొను విధము

ఆసిఫాబాదు ప్రాంతమున పుష్యమాసపు చలి యెట్టిదో యిచ్చటి కర్షకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తిర్యాణి మండలములోని గిన్నెధరియు, సిర్పూరును తెలంగాణమంతటికిని మిక్కిలి చల్లని తావులుగా తఱచు పత్రికల కెక్కుచుండును. అట్టి రాత్రులందు పొయ్యిమీదినుండి దింపిన గంజులోనిది వేడివేడిగా గరిటెతో పెట్టించుకొని తినుట యందఱకును ప్రియమే. పెద్దలకు ఆ కోరిక జొన్నగటుకతో తీరెడిది. నేటి బాలబాలికలు పట్టణములందు చదువుకొని వచ్చి మాకరోనీ యడుగుచున్నారు. అందును చీజు వేసి, మీగడవలె జాఱునట్లు చేసినదే వారికి కావలెను. పొట్లములో పొడితోసహా దొరకు దానిని కొని తెచ్చి నీళ్లలో ఉడికించి పెట్టుట సులభమే. కాని యుదయమున క్యానునిండ పాలు కేంద్రమునకు పోసి, సాయంకాలము పాలపొడి కలిసిన పొట్లమును అంగడిలో కొను గృహస్థుడు ఒక్క నిమిషము నిలిచి లెక్క వేసికొనవలసియున్నది.

ఆ లెక్క యిది. ఒక కిలో చీజు తయారగుటకు సుమారు 10 లీటర్ల ఆవుపాలు పట్టును. బర్రెపాలు చిక్కనివి గనుక కొంత తక్కువ పట్టును. అనగా 100 గ్రాముల చీజు ముక్కలో లీటరుకు దగ్గఱగా పాలున్నవి. వంటపుస్తకములలో వ్రాయు రీతిగా 200 గ్రాముల మాకరోనీకి అంతే చీజు వేసినచో, నలుగురు తిను ఒక్క పూట వంటకమునకు రెండు లీటర్లకు దగ్గఱగా పాల సారము ఖర్చగుచున్నది. అదియును మనము అమ్మిన ధరకు గాక, యంత్రశాలయు, శీతల గిడ్డంగియు, లారీయు, అంగడివాడును తమ తమ పాళ్లు కలుపుకొనిన ధరకు. ఇంత చీజు నిజముగా వలయునా యన్నదే ప్రశ్న. వలదనియే మా యభిప్రాయము. ఈ వంటకములోని మీగడతనమునకు ముఖ్యకారణము చీజు కాదు. చిక్కబడిన పాలును, పిండిపదార్థమును, మంట తగ్గించుటయు అను మూడే కారణములు. చీజు రుచికి మాత్రము చాలును. ఆ మూడును పాడి గల యింట ఖర్చు లేకయే యున్నవి.

ముందుగా పేర్ల సంగతి యొకటి చెప్పి ముందునకు పోదము. చీజును కొందఱు జున్ను అని తెలిగించుచున్నారు. మన యింటి జున్ను ఈనిన పశువు ముఱ్ఱుపాలతో కాచునది. ఇది అది కాదు. పన్నీరును కాదు. మాకరోనీ మాత్రము మనకంత పరాయిది కాదు. రంజాను నాడు ఆసిఫాబాదు పట్టణములో పాలతో వండు సేమ్యా యెట్టిదో, ఇదియు నట్టిదే; గోధుమరవ్వను ముద్దచేసి, బోలుగా వంచి, ఎండబెట్టిన గొట్టము. ఇటలీ దేశమున పుట్టినది. ఇంగ్లండులో ఎలిజబెత్ రాఫల్డు అను నామె 1769లో ప్రకటించిన వంటపుస్తకమున దీనిని పాలమీగడతోను చీజుతోను వండు విధము కలదు. అమెరికాలో 1937లో క్రాఫ్టు కంపెనీవారు నలుగురికి సరిపోవు పొట్లమును 19 సెంట్లకు విక్రయింపగా, ఆర్థికమాంద్యమున చితికిన కుటుంబము లనేకము దానిని కొని కడుపు నింపుకొన్నవి. కావున ఇది మొదట ధనికుల భోజనపు బల్లపై నుండి, పిదప బీదవాని గిన్నెలోనికి దిగిన వంటకము.

చీజు కరగుటలో నొక చిక్కు కలదు. చీజనగా పాలలోని మాంసకృత్తు వలవలె అల్లుకొని, ఆ వలలో వెన్నబొట్లును నీరును చిక్కుకొనియున్న పదార్థము. మెల్లగా వేడిచేసినచో వల సడలి జాఱును. మంట పెచ్చైనచో వల బిగిసి, వెన్నను బయటికి పిండివేయును. అప్పుడు గంజులో పైన నేయియు, క్రింద రబ్బరువంటి ముద్దయు మిగులును. వంట చెడినదని గృహిణులు వగచుట ఇచ్చటనే. ఈ దోషమును పోగొట్టుటకే 1911లో స్విట్జర్లాండు దేశమున గెర్బరు, స్టెట్లరు అను నిరువురు చీజును సిట్రేటు లవణముతో కలిపి కరగించి, మరల గడ్డకట్టించు ఉపాయమును కనుగొనిరి. అమెరికాలో జేమ్సు క్రాఫ్టు అనునాతడు 1916లో అట్టి చీజునకే పేటెంటు పొందెను. మన అంగళ్లలో ఘనములుగాను, బిళ్లలుగాను దొరకు ప్రాసెస్డు చీజు ఈ జాతిదే. అందులో ఆ లవణములుండుటచేత అది సులభముగా విఱుగదు. క్రొత్తగా నేర్చుకొనువారు దీనితోనే మొదలిడుట మంచిది.

ఈ సందర్భమున సహకారులమగు మనము స్మరింపదగిన విషయమొకటి కలదు. మేలైన పాలపదార్థములు ఆవుపాలతోనే యగునని పాశ్చాత్య నిపుణులు చెప్పుచుండిన కాలమున, గుజరాతులో 1946లో రిజిస్టరైన ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘమువారు ఆనందు పట్టణమున బర్రెపాలనుండి పాలపొడిని, తరువాత చీజును తయారుచేసి చూపిరి. ఆ పనిలో దలాయా గారి ఇంజనీరింగు నేర్పు ప్రధానమైనది. నేడు ఆసిఫాబాదు కిరాణాదుకాణమున దొరకు అమూలు చీజు ఆ సంఘమునుండి వచ్చిన పేరే. శాకాహారులు కొందఱు చీజునందు దూడ కడుపులోని తోడు కలియునని శంకింతురు. పూర్వపు పద్ధతి అదియే. ఇప్పుడు సూక్ష్మజీవులనుండి తీసిన తోడును వాడువారే మన దేశమున హెచ్చు. పెట్టెపై ఆకుపచ్చ చుక్కను చూచి కొనిన శంక తీరును.

ఇంట విఱుగగొట్టిన పన్నీరు వేసిన చాలదా యని కొందఱు ప్రశ్నింతురు. చాలదు. నిమ్మరసముతో విఱిచిన ముద్ద వేడికి కరగదు. వేడిచేసిన కొలది నీరు వదలి బిరుసెక్కును. పులుపు తగులుటచేత మాంసకృత్తును పట్టియుంచు సున్నపుసారము కరగిపోవుటయే దీనికి కారణము. పన్నీరును మెత్తగా నూఱి పాలలో కలిపినచో చిక్కదనము వచ్చును గాని జాఱుడు రాదు, తీగ సాగదు.

ఇక వండు విధము. నలుగురికి 200 గ్రాముల మాకరోనీ, 600 మిల్లీలీటర్ల బర్రెపాలు, 100 గ్రాముల ప్రాసెస్డు చీజు, చెంచాడు వెన్న, రెండు చిన్న చెంచాల జొన్నపిండి, అరచెంచాడు ఆవపొడి, మిరియపుపొడి, ఉప్పు. ఇంతియే సామగ్రి.

పాల పని మొదట చేయవలెను. వెడల్పుగల గిన్నెలో పాలు పోసి, సన్నని మంటమీద కలియబెట్టుచు సగమగువఱకు, అనగా 300 మిల్లీలీటర్లు మిగులునట్లు మఱుగబెట్టవలెను. అంచులకు అంటిన మీగడను గీకి పాలలోనే వేయవలెను. విదేశములలో డబ్బాపాలు వేయుమని చెప్పు చోట మనకు ఇవియే సరిపోవును. డబ్బాపాలనగా నీరు తీసిన పాలే గదా! ఇట్లు చిక్కబడిన పాలలో మాంసకృత్తు దట్టమై, చీజులోని వెన్నను విడిపోనీయక పట్టియుంచును. ఈ పని తొందరలో కాదు. అరగంట పట్టును. పొలమునుండి వచ్చిన వెంటనే మొదలిడినచో స్నానపానములు ముగియునప్పటికి పాలు సిద్ధమగును. కాని పొయ్యికడ నొకరు కనిపెట్టియుండవలెను, అడుగంటిన పాలవాసన దేనిచేతను పోదు.

పాలు చల్లారిన పిదప గిద్దెడు వేఱుగా తీసి, దానిలో జొన్నపిండిని ఉండలు లేక కలుపవలెను. ఇచ్చటి గృహిణికి ఈ కిటుకు నేర్పనక్కఱలేదు. జావ కాచునప్పుడు పిండిని చన్నీళ్లలో కలిపి మఱుగు నీటిలో పోయుట తరతరముల అలవాటు. వేడిపాలలో పిండి చల్లినచో పైపొర ఉడికి లోపల పచ్చిగా నున్న ఉండలు కట్టును. పట్టణపు వంటగాండ్రు మైదాను వెన్నలో వేయించి వాడుదురు. మంచిదే, కాని మెత్తగా జల్లించిన తెల్లజొన్నపిండి ఆ పనిని చేయును, తినునప్పుడు నోటికి కొంచెము గరుకు తోచును గాని రుచికి కమ్మదనము హెచ్చు. ఒకప్పుడు ఈ జిల్లాలో ఇంటింట తినిన జొన్న, పత్తి విస్తరించిన కొలది చేలలో తగ్గినది. చెంచాడు పిండితో ఆ పంట మరలివచ్చునని మేము చెప్పము. ఇంట నున్న పిండి యుండగా మైదాకొఱకు అంగడికి పోవలదనియే మా మాట.

మాకరోనీని విస్తారమైన నీటిలో ఉడికించి గంజివలె వార్చుట సామాన్యపద్ధతి. దానిని మానుడు. గంజులో 600 మిల్లీలీటర్ల నీరు మఱుగబెట్టి, చిటికెడుప్పు వేసి, మాకరోనీ పోసి, నడిమి మంటపై తెడ్డుతో కదుపుచు ఉడికింపవలెను. ఎనిమిది పది నిమిషములలో గొట్టములు మెత్తబడును, నీరు చాలవఱకు ఇంకి, చారెడో గిద్దెడో తెల్లని చిక్కనినీరు అడుగున మిగులును. ఆ నీటిలో గోధుమపిండి కలిసియున్నది. అదియే మనకు వలయునది. దానిని పాఱబోయుట గటుకకు వచ్చిన చిక్కదనమును వార్చి పాఱబోసినట్లే. గొట్టము పూర్తిగా ఉడుకకమునుపే నీరింకినచో వేడినీరు కొంచెము చేర్చవచ్చును. గొట్టమును కొఱికినప్పుడు నడుమ తెల్లని చుక్క మాయమై, ఇంకను కొంచెము బిగువుండగా నిలుపవలెను, ఏలయన పాలలో మరల కొంత ఉడుకును.

అప్పుడు మంట తగ్గించి, చిక్కనిపాలను పోసి, పిండి కలిపిన పాలను, వెన్నను, ఆవపొడిని చేర్చి, రెండు మూడు నిమిషములు మెల్లగా ఉడుకనిచ్చి కదుపవలెను. పిండి పచ్చివాసన పోయి గరిటె వీపునకు పలుచని పూత పట్టిన యెడల సమయమైనదని గుర్తు. ఇప్పుడు గంజును పొయ్యిమీదినుండి దింపవలెను. తురిమిన చీజును మూడు నాలుగు మాఱులుగా చల్లి, ఒక్కొక్క మాఱు కరగిన పిదప మఱియొకటి చల్లుచు కలుపవలెను. దించిన గంజులోని వేడి చీజు కరగుటకు చాలును. కట్టెలపొయ్యిపై వండువారు ఈ మాట మఱవరాదు. గ్యాసుమంటను త్రిప్పి తగ్గింపవచ్చును, నిప్పులను తగ్గింపలేము. కావున దించుటయే మార్గము. ఉప్పు రుచి చూచి కడపట వేయవలెను. చీజులో ఉప్పు దండిగా నుండును. ముందే సరిపడ వేసినవారు తరువాత నీరు త్రాగుచు కూర్చుందురు.

గంజులో నున్నప్పుడు కొంచెము పలుచగా కనబడినను భయపడి మరల పొయ్యి కెక్కింపవలదు. ఐదు నిమిషములలో, పళ్లెములోనికి వచ్చునప్పటికి దానంతటదే చిక్కబడును. గటుక చల్లారిన కొలది గట్టిపడుట చూచినవారి కిది వింత కాదు.

పిల్లలు దీనిని తెల్లగానే తినుదురు. పెద్దలకు ఏదో యొక కారము లేనిదే ముద్ద దిగదు. టమాటాగాని చింతపండుగాని గంజులో కలిపినచో పాలు విఱుగును. పచ్చడి పళ్లెము ప్రక్కన పెట్టుకొనుటయే మేలు. మా మట్టుకు ఈ కాలమున దొరకు పచ్చికందికాయలు ఒలిచి, ఉప్పునీట ఉడికించి, వెన్నలో వేయించిన ఉల్లిముక్కలతో పైన చల్లుట మిక్కిలి యింపుగా తోచినది. పత్తిచేల సాళ్ల నడుమ కందిమొక్క లేని రైతు అరుదు గదా!

జొన్నతోనే చేసిన మాకరోనీ దొరకదా యని యడుగువారికి సమాధానము: దొరకును. హైదరాబాదు రాజేంద్రనగరములోని భారతీయ చిరుధాన్య పరిశోధనసంస్థవారు జొన్నరవ్వతో మాకరోనీజాతి పదార్థములను, సేమ్యాను చేయు పద్ధతులను రూపొందించిరి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప అట్టి సరకు అంగళ్లకు హెచ్చుగా వచ్చినది. కొన్నింటిలో గోధుమరవ్వ కలిసియుండును గనుక పొట్లముపై వ్రాత చదివి కొనవలెను. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు. కావున గోధుమ కలియని జొన్నమాకరోనీ త్వరగా చిట్లును. దానికి నీరు కొంచెము హెచ్చుగా పోసి, తెడ్డుతో గట్టిగా త్రిప్పక, గంజును పట్టి కుదుపుచు, రెండు నిమిషములు ముందుగా దింపవలెను. అది నీటిలోనికి పిండిని ధారాళముగా వదలును గనుక జొన్నపిండి వేఱుగా వేయనక్కఱలేదు.

మిగిలినదానిని శీతలపేటిక లేని యిండ్లలో మఱునాటికి ఉంచరాదు. బయట చలి యెంతయున్నను పాలు కలిసిన వంటకము వంటయింటి వెచ్చదనమునకు చెడును. పేటికలో నుంచినది తెల్లవారునప్పటికి ఇటుకవలె బిగియును. దానిని ముక్కలుచేసి, చాయగ్లాసులో సగము పాలు పోసి, మూతపెట్టి సన్నని సెగను వేడిచేసినచో మరల జాఱును. ఒట్టి నీరు పోసినచో మాత్రము చప్పబడి, వెన్న పైకి తేలును.