శిబిరాల్లో, మైదానాల్లో పిల్లల భద్రత: వేధింపులను గుర్తించేదెలా?

వేసవి సెలవులు వచ్చాయంటే ఈత శిక్షణ, క్రికెట్ కోచింగ్ మొదలవుతాయి. ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లేవాళ్లు బ్యాగులు సర్దుకుంటారు. స్కౌట్లు, గైడ్లు ర్యాలీలకు బయల్దేరతారు. క్రీడా హాస్టల్లో చేరిన పన్నెండేళ్ల పిల్ల నెలల తరబడి ఇంటి ముఖం చూడదు. వీటన్నిటిలో ఉమ్మడి విషయం ఒకటుంది. తల్లిదండ్రులు దగ్గర లేని చోట పిల్లలు మరో పెద్దవారి మాట వినాలి. జట్టులో చోటు, సర్టిఫికెట్, ఒక్కోసారి భవిష్యత్తులో ఉద్యోగం కూడా ఆ పెద్దవారి చేతిలోనే ఉంటాయి. వారిలో ఎక్కువమంది పిల్లల మేలు కోరేవారే. కానీ ఆ అధికారాన్ని ఎవరైనా దుర్వినియోగం చేస్తుంటే బయటివారికి తెలిసేదెలా?

మనిషిని చూస్తే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులను ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో సగానికి పైగా అబ్బాయిలే. వేధించినవారిలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకమైన స్థానంలో ఉన్నవారు. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వేధించే వ్యక్తి ముందుగా నమ్మకం సంపాదించే తీరును మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘గ్రూమింగ్’ అంటారు. ఒంటరిగా ఉన్న పిల్లవాడినో, ఇంట్లో ఇబ్బందులున్న అమ్మాయినో ఎంచుకోవడం, బూట్లు కొనివ్వడం, ఉచితంగా అదనపు శిక్షణ ఇవ్వడం, తల్లిదండ్రులకు ఆప్తుడిగా మారడం, మెల్లగా తాకడాన్ని అలవాటు చేయడం, చివరికి ‘ఇది మనిద్దరి మధ్యే ఉండాలి’ అని చెప్పడం ఇందులో భాగం. చిక్కేమిటంటే, చివరి రెండూ తప్ప మిగతావి మంచి గురువు కూడా చేస్తాడు. పేద పిల్లలకు బూట్లు కొనిచ్చిన కోచ్‌లు మన దగ్గర ఎందరో ఉన్నారు, వారి వల్ల పైకొచ్చిన క్రీడాకారులూ ఉన్నారు.

అమెరికా పరిశోధకులు జార్జియా వింటర్స్, ఎలిజబెత్ జెగ్లిక్ 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ చిక్కును పరీక్షించింది. ఒక పెద్ద మనిషి ఒక పిల్లవాడితో ప్రవర్తించిన తీరును కథగా ఇచ్చి, వేధింపు జరిగే అవకాశం ఎంతో అంచనా వేయమన్నారు. చివరికి వేధింపు జరిగిందని ముందే తెలిసినవారు ఆ అవకాశాన్ని ఎక్కువగా అంచనా వేశారు. ‘నాకు అప్పుడే అనుమానం వచ్చింది’ అని తర్వాత అనడం తేలిక. జరగకముందు ఉద్దేశాన్ని పసిగట్టడం అంత తేలిక కాదు.

వ్యక్తుల జాబితాను నమ్ముకుంటే ఏమవుతుందో బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా చరిత్ర చెబుతుంది. పిల్లలను వేధించారన్న ఆరోపణలున్న స్వచ్ఛంద కార్యకర్తల వివరాలను ఆ సంస్థ 1920ల నుంచే ఫైళ్లలో భద్రపరిచింది. అలాంటివారిని మళ్లీ చేర్చుకోకూడదన్నది ఉద్దేశం. కానీ ఫైళ్లు రహస్యం. చాలా సందర్భాల్లో పోలీసులకు గానీ తల్లిదండ్రులకు గానీ సమాచారం చేరలేదు. 1965–1985 నాటి సుమారు 1,200 ఫైళ్లు 2012లో కోర్టు ఆదేశంతో బయటికి వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో సంస్థ దివాలా రక్షణ కోరింది. పరిహారం కోసం 82 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే జాబితా ఉంది, సమాచారం ఉంది, పిల్లలకు రక్షణ మాత్రం లేదు. అదే సంస్థ 1980ల చివరి నాటికి మరో దారి కూడా పట్టింది. ఏ కార్యక్రమంలోనైనా కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలని, ఒక పెద్ద, ఒక పిల్లవాడు ఇతరుల కంట పడకుండా ఒంటరిగా ఉండకూడదని నియమం పెట్టింది.

ఈ రెండో దారికి ఉన్న బలం గమనించదగ్గది. కోచ్ మంచివాడా, చెడ్డవాడా అని ఎవరూ తేల్చనక్కర్లేదు. నియమం పాటించారా లేదా అన్నదే ప్రశ్న. శిక్షణ అయ్యాక ఒక అమ్మాయిని మాత్రమే ఉండమన్నారా? రాత్రి పదకొండుకు పిల్లవాడి సొంత ఫోన్‌కు సందేశాలు వస్తున్నాయా? టోర్నమెంటుకు వెళ్లినప్పుడు పెద్దవారు, పిల్లలు ఒకే గదిలో పడుకుంటున్నారా? దుస్తులు మార్చుకునే గదిలో ఎవరైనా ఫొటోలు తీస్తున్నారా? శిక్షణ చూడటానికి తల్లిదండ్రులు రాకూడదని ఆంక్షలున్నాయా? ఇవన్నీ కంటికి కనిపించేవే. వీటిని అడిగితే ఎవరినీ నిందించినట్టు కాదు. ‘సార్, ఇది మన నియమాల్లో లేదు’ అనడం ‘మీ మీద అనుమానం’ అనడం కంటే ఎంతో సులువు.

భారత క్రీడా ప్రాధికార సంస్థ కూడా 2022 జూన్‌లో ఇదే తరహా నిర్ణయం తీసుకుంది. విదేశీ శిక్షణకు వెళ్లిన ఒక సైక్లిస్టు తన కోచ్‌పై ఫిర్యాదు చేశాక, మహిళా క్రీడాకారులున్న బృందంతో మహిళా కోచ్ తప్పనిసరిగా వెళ్లాలని ఆదేశించింది.

అయితే ఇద్దరు పెద్దలుంటే చాలనుకోకూడదు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేరుతో అమ్మాయిలను వేధించాడు. కొన్నిసార్లు తల్లి అదే గదిలో ఉండగా, ఆమెకు కనిపించకుండా అడ్డుగా నిలబడి ఆ పని చేశాడు. 2018 జనవరిలో 150 మందికి పైగా బాధితులు కోర్టులో తమ గోడు వినిపించారు. కొందరు 1990ల చివర్లోనే పెద్దలకు చెప్పినా, వైద్యాన్ని అపార్థం చేసుకున్నారన్న సమాధానమే ఎదురైంది. ఫిజియోథెరపీ, మసాజ్ వంటి వాటిలో ఏం చేస్తారో, ఎందుకో ముందే చెప్పాలి. పిల్లల అంగీకారం తీసుకోవాలి. పక్కన ఉన్నవారికి అంతా కనిపించాలి.

వేధింపు అంటే లైంగికమైనదే అనుకోవడం కూడా పొరపాటే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2016లో విడుదల చేసిన నిపుణుల ప్రకటన మానసిక, శారీరక, లైంగిక వేధింపులతో పాటు నిర్లక్ష్యాన్నీ లెక్కలోకి తీసుకుంది. మిగతా రూపాలన్నిటికీ మానసిక వేధింపు మూలంలో ఉంటుందని అది గుర్తించింది. మన దగ్గర ఈ మాట ఒప్పుకోవడం కష్టం. ‘తిట్టకపోతే ఆట రాదు’ అన్నది పాత నమ్మకం. కానీ మోకాలు సరిగా వంచలేదని గట్టిగా చెప్పడం వేరు, బరువు గురించీ కులం గురించీ అందరి ముందు ఎగతాళి చేయడం వేరు. జ్వరంగా ఉన్నా ఎండలో రౌండ్లు కొట్టించడం, దాహమేస్తే నీళ్లివ్వకపోవడం క్రమశిక్షణ కిందికి రావు. సీనియర్లు కొత్తవారిని ‘పరిచయం’ పేరుతో అవమానించడం కూడా ఈ కోవలోదే. వేధించేవారు ఎప్పుడూ పెద్దవారే అయి ఉండనక్కర్లేదు.

ఇక పిల్లల్లో కనిపించే గుర్తుల సంగతి. ఇష్టమైన ఆటకు ఒక్కసారిగా వెళ్లనని మొండికేయడం, నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి, మార్కులు పడిపోవడం, ఒకరి పేరు వినగానే బిగుసుకుపోవడం, లెక్క చెప్పలేని కానుకలు, ఫోన్‌ను దాచుకోవడం గమనించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. పరీక్షల భయంతోనూ నిద్ర పట్టకపోవచ్చు. మార్పు హఠాత్తుగా వచ్చిందా, ఒక మనిషితో లేదా ఒక చోటుతో ముడిపడి ఉందా అన్నది చూడాలి. గుర్తులేవీ కనిపించని పిల్లలూ ఉంటారు. వైద్య పరీక్షలో ఏమీ తేలకపోతే ఏమీ జరగలేదని అర్థం కాదు. లైంగిక వేధింపుల అనుమానంతో వచ్చిన 2,384 మంది పిల్లలను పరీక్షించిన ఒక అమెరికా అధ్యయనంలో (2002) దాదాపు 96 శాతం మందికి పరీక్ష ఫలితాలు మామూలుగానే ఉన్నాయి.

పిల్లలు వెంటనే ఎందుకు చెప్పరు? మానసిక వైద్యుడు రోలాండ్ సమిట్ 1983లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. రహస్యం, నిస్సహాయత, చిక్కుకుపోయి సర్దుకుపోవడం, ఆలస్యంగా చెప్పడం, చెప్పింది వెనక్కి తీసుకోవడం అన్నవి ఆయన చెప్పిన ఐదు దశలు. ఆలస్యం గురించి ఆయన చెప్పినది తర్వాతి పరిశోధనల్లోనూ నిలబడింది. మాట మార్చడం మాత్రం ఆయన అనుకున్నంత సాధారణమా అన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. దీన్ని రోగ నిర్ధారణ పరీక్షలా వాడవద్దని సమిట్ స్వయంగా తర్వాత హెచ్చరించారు. ఆచరణలో తేలేది ఇంతే: ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న తగదు.

పిల్లలు నోరు విప్పినప్పుడు ‘ఆయన నిన్ను అక్కడ తాకాడా?’ అని జవాబును ప్రశ్నలోనే అందించకూడదు. అలాంటి ప్రశ్నలు, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, జ్ఞాపకాన్ని మార్చేయగలవని పరిశోధనలు చెబుతున్నాయి. ‘ఏం జరిగింది?’, ‘తర్వాత?’ అని అడిగి, వారి మాటల్లోనే రాసి పెట్టుకోవడం మంచిది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘పంచాయితీ’ చేయడం అన్నిటికంటే హానికరం. దురదృష్టవశాత్తూ సంస్థలు ముందుగా చేసే పని తరచూ అదే.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే శిక్ష ఏడాది వరకు ఉంటుంది. 18 దాటిన మహిళలకు 2013 నాటి పని ప్రదేశాల చట్టం ఉంది. అందులో ‘పని ప్రదేశం’ నిర్వచనంలోకి క్రీడా సంస్థలు, స్టేడియాలు, పోటీలు జరిగే చోట్లు కూడా వస్తాయి. 18 దాటిన యువకులకు ఆ చట్టం వర్తించదు. వారు సాధారణ నేర చట్టాలనే ఆశ్రయించాలి.

సహాయం కోసం పిల్లలు గానీ పెద్దలు గానీ ఏ వేళలోనైనా 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పోక్సో కేసులో వాంగ్మూలం కోసం పిల్లలు స్టేషన్‌కు వెళ్లనవసరం లేదు. ఇంట్లోనో, వారికి నచ్చిన చోటో, వీలైనంత వరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలి.