పతకం ఆగింది, పెడలు ఆగలేదు

నిడదవోలు: ఇక్కడి నుంచి విజ్జేశ్వరం వైపు కాలువ గట్టున దూరాలు తొక్కాలంటే శీతకాలమే అదను. మార్చి దాటితే ఎండ రోడ్డెక్కనివ్వదు. 2020లో ఎండల కంటే ముందే కరోనా వచ్చి పడింది.

దూరప్రయాణ సైకిలిస్టుల సీజను నవంబరులో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. ఆ లోగా 200, 300, 400, 600 కిలోమీటర్ల ప్రయాణాలు నాలుగూ పూర్తి చేస్తేనే ‘సూపర్ రాండనర్’ గౌరవం. 200కు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు గడువు. మూడు ముగించి నాలుగోది తప్పితే ఫలితం దక్కదు. ఆ మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి సగం తొక్కినవారు సగంలోనే దిగిపోవలసి వచ్చింది.

పోటీలకు పనికిరాకుండా పోయిన సైకిలే బతుకులకు దిక్కయింది. పనులు పోయిన కూలీలెందరో దానిమీదే స్వగ్రామాలకు మళ్లారు. మే నెలలో 15 ఏళ్ల జ్యోతి కుమారి గాయపడిన తండ్రిని వెనుక కూర్చోబెట్టుకుని హర్యానాలోని గురుగ్రామ్ నుంచి బీహారులోని దర్భంగాకు సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. ప్యారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగివచ్చే ప్రఖ్యాత యాత్ర దూరమూ దాదాపు అంతే. అక్కడ 90 గంటల గడువు, చివర పతకం. ఈ బాలికకు అవేవీ లేవు, ఇల్లు చేరడమొక్కటే.

తప్పిన సీజను మరో నవంబరుకు తిరిగి వస్తుంది. గట్టు మీద సైకిలెక్కేవారు ఆ ప్రయాణాన్ని మరువరాదు.