సాఫ్ట్‌వేర్ మార్పిడి: సూరత్ నేర్పిన పాఠం

సూరత్: ప్రభుత్వ శాఖలు కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్‌ను మార్చినపుడు ఆ భారం ఎవరిపై పడుతుందో ఇక్కడి వస్త్ర మార్కెట్ల అనుభవం తేటతెల్లం చేస్తున్నది.

2017 జూలై 1న వస్తు, సేవల పన్ను (జిఎస్‌టి) అమలులోకి వచ్చే వరకు వ్యాట్ వసూలుకు ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క కంప్యూటర్ వ్యవస్థను నడిపేది. కేంద్ర ఎక్సైజ్ శాఖది మరొకటి. వీటి స్థానంలో దేశమంతటికీ ఒకే నెట్‌వర్క్ ఏర్పాటైంది. దీని నిర్మాణ బాధ్యతను 2015లో రూ.1,380 కోట్లకు ఇన్ఫోసిస్‌కు అప్పగించారు.

అంతవరకు పన్ను లెక్కల జోలికి పోని సూరత్ వ్యాపారులు అనేకులు ఒక్కసారిగా నెలనెలా రిటర్నులు దాఖలు చేయవలసి వచ్చింది. నిరసనగా దుకాణాలు మూసివేశారు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కార్మికులకూ మరమగ్గాలే జీవనాధారమైన నగరమిది.

తొలి రిటర్నుల సమయంలోనే వెబ్‌సైట్ మొరాయించడంతో గడువును ఆగస్టు 20 నుంచి 25కు పొడిగించారు. రూ.50 వేలకు మించిన సరకు రవాణాకు ఉద్దేశించిన ఇ-వే బిల్లుల వ్యవస్థ 2018 ఫిబ్రవరి 1న తొలిరోజే కుప్పకూలగా, అమలు వాయిదా పడింది.

రెండవసారి ప్రభుత్వం తొందరపడలేదు. ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు, 15న గుజరాత్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఐదు రాష్ట్రాలలో అంతర్గత రవాణాకు దశలవారీగా అమలు చేసింది. సూరత్ నుంచి చీరల మూటలతో హైదరాబాద్‌కు బయలుదేరే లారీకి ఈ బిల్లే అనుమతి పత్రం. కంప్యూటర్ ఆగితే లారీ ఆగుతుంది. కొత్త వ్యవస్థ నిలదొక్కుకునే వరకు ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచుకోవలసిన అవసరాన్ని ఈ అనుభవం చాటుతున్నది.